అప్పుకు ఇల్లు పోతే: నిస్పృహ, పరువు, మిగిలిన గడువు

తెలుగు కుటుంబం జీవితకాలంలో తలకెత్తుకునే ఖర్చులలో ఇల్లు అన్నిటికన్నా పెద్దది కాబట్టే, ఇల్లు కట్టడాన్నీ పెళ్లి చేయడాన్నీ మనిషి సామర్థ్యానికి రెండు పరీక్షలుగా సామెత ఏనాడో జతచేసింది. స్థలం కోసం ఊళ్లోని ఎకరం అమ్మినవారు, పునాది ఖర్చుకు ఇల్లాలి నగలు కుదువబెట్టినవారు, స్లాబు నాటికి భవిష్యనిధిలోని సొమ్ము తీసినవారు, చాలని దానికి బ్యాంకు రుణమో బయటి వడ్డీయో తెచ్చినవారు కోస్తాలోనూ రాయలసీమలోనూ తెలంగాణలోనూ ప్రతి వీధిలో ఉంటారు. అలా సమకూర్చుకున్న ఇంటిని అప్పు తీర్చలేక వదులుకోవలసి వచ్చినప్పుడు ఏళ్ల తరబడి కూడబెట్టిన పొదుపు, పిల్లల బడికి అలవాటైన దారి, కష్టసుఖాలు పంచుకున్న ఇరుగుపొరుగు, బంధువులలో నిలబెట్టుకున్న మాట, వృద్ధాప్యానికి అండ ఉందన్న నమ్మకం ఒక్కసారిగా చేజారుతాయి. ఆ వేదనను డబ్బు లెక్కగా మాత్రమే చూసేవారికి, ఇల్లు పోగొట్టుకున్న మనిషి నెలలు గడిచినా ఎందుకు తేరుకోలేకపోతున్నాడో అర్థం కాదు.

ఈ వేదనలో దుఃఖం, కోపం, సిగ్గు ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉంటాయి. వాటిలో కుటుంబాన్ని ఎక్కువగా దెబ్బతీసేది సిగ్గు. ఎందుకంటే దుఃఖం పంచుకుంటే తగ్గుతుంది, కోపానికి ఏదో ఒక దారి దొరుకుతుంది, సిగ్గు మాత్రం నోటీసు వచ్చిన రోజునే దానిని బీరువాలో దాచిపెట్టిస్తుంది. రుణగ్రహీతకు చట్టం ఇచ్చిన గడువులో సింహభాగం ఇలాంటి దాపరికంలోనే కరిగిపోతుంది. కాబట్టి ఇల్లు కోల్పోయే నిస్పృహను తట్టుకోవడం ఎలాగన్న ప్రశ్నను, మిగిలిన గడువును వాడుకోవడం ఎలాగన్న ప్రశ్న నుంచి విడదీసి చూడటం సాధ్యం కాదు.

మనస్తత్వశాస్త్రంలో నిస్పృహ అంటే, ఒక లక్ష్యం వైపు సాగుతున్న ప్రయత్నానికి అడ్డు తగిలినప్పుడు కలిగే స్థితి. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ డోలార్డ్, ఆయన సహచరులు 1939లో ప్రచురించిన గ్రంథంలో నిస్పృహకూ దాడి చేసే స్వభావానికీ మధ్య నేరుగా సంబంధం ఉందని ప్రతిపాదించారు. వారిలో ఒకరైన నీల్ మిల్లర్ 1941లో ఆ వాదాన్ని కొంత సవరిస్తూ, నిస్పృహ నుంచి పలు రకాల ప్రతిస్పందనలు పుట్టవచ్చుననీ దాడి వాటిలో ఒకటి మాత్రమేననీ వివరించాడు. లక్ష్యానికి ఎంత దగ్గరగా వచ్చాక అడ్డు తగిలితే నిస్పృహ అంత తీవ్రంగా ఉంటుందన్నది ఈ పరిశీలనల నుంచి సామాన్యుడు కూడా గ్రహించగల విషయం. ఇరవై ఏళ్ల రుణంలో పన్నెండేళ్లు వాయిదాలు కట్టి, ఉద్యోగం పోయి ఆగిపోయిన మనిషి కోపానికీ, అసలు రుణమే దొరకని మనిషి నిరాశకూ ఉన్న తేడా ఇక్కడిదే.

సాల్ రోసెన్‌జ్వైగ్ అనే మరో అమెరికన్ మనస్తత్వవేత్త, నిస్పృహలో ఉన్న మనిషి నిందను ఏ వైపు తిప్పుతాడన్న దానిని బట్టి మూడు ధోరణులను గుర్తించాడు. మొదటిది నిందను బయటికి తిప్పడం: బ్యాంకు మోసం చేసింది, భాగస్వామి ముంచాడు, హామీ సంతకం పెట్టించిన బావమరిది పత్తా లేకుండా పోయాడు అన్న మాటలు ఈ కోవలోకి వస్తాయి. రెండవది నిందను లోపలికి తిప్పుకోవడం: చేతగానివాడినయ్యానని, భార్యాబిడ్డలను రోడ్డున పడేశానని మనిషి తనను తానే శిక్షించుకుంటాడు. మూడవది ఎవరినీ నిందించకుండా తలరాత అని సరిపెట్టుకోవడం. ఈ మూడింటిలో దేనినీ పూర్తిగా తప్పు అనడానికి వీలులేదు, ఎందుకంటే చాలా సందర్భాలలో మూడింటిలోనూ కొంత నిజం ఉంటుంది. ప్రమాదమల్లా ఒకే దానిలో ఇరుక్కుపోవడంలో ఉంది. బయటికి తిరిగిన కోపం కొన్నాళ్లకు ఇంట్లో ఉన్న బలహీనుల మీద పడుతుంది, లోపలికి తిరిగినది ప్రాణాల మీదికి తెస్తుంది, తలరాత అనుకున్నవాడు గడువు ఉండగానే చేతులెత్తేస్తాడు. నింద ఎవరిదో తేల్చడానికి ముందు, జరిగినదానిలో తన నిర్ణయాల వల్ల జరిగింది ఎంత, తన చేతిలో లేనిది ఎంత అని కాగితం మీద విడివిడిగా రాసుకోవడం ఈ దశలో ఎంతో ఉపకరిస్తుంది.

గృహరుణం విషయంలో రుణగ్రహీత చేతిలో లేనివి నిజంగానే చాలా ఉంటాయని గణితమే చెబుతుంది. 30 లక్షల రూపాయల రుణాన్ని 9 శాతం వార్షిక వడ్డీకి 20 ఏళ్ల గడువుతో తీసుకుంటే నెలవారీ వాయిదా దాదాపు 27,000 రూపాయలు అవుతుంది. మొదటి నెల కట్టిన దానిలో 22,500 రూపాయలు వడ్డీకే పోయి, అసలు కింద జమయ్యేది నాలుగున్నర వేలకు లోపే. అయిదేళ్లు ఒక్క నెల కూడా తప్పకుండా కట్టిన కుటుంబం 16 లక్షల పైచిలుకు చెల్లించి ఉంటుంది, అయినా బాకీ ఇంకా 26 లక్షల 60 వేల దగ్గర ఉంటుంది. ఇందులో మోసమేమీ లేదు, తగ్గుతున్న నిల్వ మీద వడ్డీ లెక్కగట్టే పద్ధతి అలాగే పనిచేస్తుంది; కానీ రుణం ఇచ్చేటప్పుడు ఈ పట్టికను తెలుగులో కూర్చోబెట్టి వివరించే శాఖలు అరుదు కాబట్టి, వాయిదాలు తప్పాక ఈ అంకె చూసిన కుటుంబానికి తనను దోచుకున్నారన్న భావన కలగడం సహజం. దీనికి తోడు మారే వడ్డీ రుణాలలో భారం ఎప్పటికప్పుడు పెరగవచ్చు. రిజర్వు బ్యాంకు 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపు రెపో రేటును, అంటే బ్యాంకులకు తాను ఇచ్చే స్వల్పకాలిక రుణాల వడ్డీని, 4 శాతం నుంచి 6.5 శాతానికి పెంచినప్పుడు, ఎంతోమంది రుణగ్రహీతలకు వాయిదా మొత్తమో కాలవ్యవధియో వారి ప్రమేయం లేకుండానే పెరిగింది. ఇలా పెరిగినప్పుడు విషయాన్ని రుణగ్రహీతకు స్పష్టంగా తెలియజేసి, వాయిదా పెంచుకోవాలో గడువు పొడిగించుకోవాలో ఎంచుకునే అవకాశం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టులో ఆదేశించింది.

దుఃఖం సంగతి వేరు. అమెరికాలోని బోస్టన్ నగరంలో వెస్ట్ ఎండ్ అనే పాత పేటను 1950ల చివరలో పట్టణ పునర్నిర్మాణం పేరిట కూల్చివేసినప్పుడు, అక్కడి నుంచి తరలిపోయిన కుటుంబాలను పరిశీలించిన మార్క్ ఫ్రీడ్ అనే పరిశోధకుడు, వారిలో చాలామంది అనుభవించిన బాధ అయినవారు చనిపోయినప్పుడు కలిగే శోకానికి దగ్గరగా ఉందని 1963లో రాశాడు. ప్రభుత్వం దృష్టిలో అది శిథిలమైన పేట. అక్కడ బతికినవారికి మాత్రం తమ బంధుత్వాలూ అలవాట్లూ అల్లుకున్న చోటు. అప్పు వల్ల పోయిన ఇంటి విషయంలో ఈ శోకానికి మరో లోపం తోడవుతుంది: దానిని శోకంగా ఎవరూ గుర్తించరు. మరణం జరిగితే పలకరించడానికి వచ్చేవారుంటారు, పదకొండో రోజూ సంవత్సరీకమూ ఉంటాయి, ఏడవడానికి అందరి అనుమతీ ఉంటుంది. ఇల్లు వేలంలో పోయిన ఇంటికి పలకరింపునకు వెళ్లే ఆచారం లేదు. వెళ్తే వారికి నామోషీ అవుతుందని శ్రేయోభిలాషులు కూడా తప్పుకుంటారు. సమాజం గుర్తింపు దక్కని ఇలాంటి శోకాన్ని గురించి కెన్నెత్ డోకా అనే పండితుడు 1989లో ప్రత్యేకంగా ఒక సిద్ధాంతమే చేశాడు. బయటికి ఏడవలేని దుఃఖం ఎక్కువ కాలం ఉంటుందన్నది అందులోని సారం.

గడువు ఎక్కడెక్కడ ఉంది

బ్యాంకులూ గృహరుణ సంస్థలూ తాకట్టు పెట్టిన ఇంటిని కోర్టుకు వెళ్లకుండానే స్వాధీనం చేసుకుని అమ్ముకునే అధికారం 2002 నాటి సర్ఫేసీ చట్టం ద్వారా వచ్చింది. ఆ అధికారం విశాలమైనదే అయినా మెట్లు మెట్లుగా సాగవలసినది, ప్రతి మెట్టు దగ్గరా రుణగ్రహీతకు కొన్ని రోజులు మిగులుతాయి. వాయిదా 90 రోజులకు మించి బాకీ పడితే ఖాతాను నిరర్థక ఆస్తిగా, అంటే ఆదాయం రాని రుణంగా వర్గీకరిస్తారు. ఆ తరువాత చట్టంలోని 13వ సెక్షన్ కింద మొత్తం బాకీ చెల్లించమంటూ 60 రోజుల నోటీసు ఇవ్వాలి. రుణగ్రహీత దానికి అభ్యంతరాలు రాసి పంపితే, వాటిని ఎందుకు అంగీకరించడం లేదో బ్యాంకు 15 రోజులలోగా కారణాలతో జవాబివ్వాలి. 2004లో మార్డియా కెమికల్స్ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు చట్టాన్ని సమర్థిస్తూనే, రుణగ్రహీత మాట వినకుండా ముందుకు వెళ్లరాదని చెప్పడం వల్ల ఈ ఏర్పాటు చట్టంలోకి వచ్చింది. అయినా నోటీసుకు జవాబు రాసేవారు తక్కువ. తెల్ల కాగితం మీద తెలుగులో రాసి, రిజిస్టర్డ్ పోస్టులో పంపి, రసీదు దాచుకుంటే సరిపోయే పని ఇది.

నోటీసు గడువు ముగిశాక ఇంటి గోడకు స్వాధీన ప్రకటన అంటిస్తారు, దానిని ఏడు రోజులలోగా రెండు పత్రికలలో, అందులో ఒకటి స్థానిక భాషా పత్రికలో, ప్రచురిస్తారు. చాలా కుటుంబాలకు అసలు కుంగుబాటు ఈ రోజున మొదలవుతుంది, ఎందుకంటే అప్పటిదాకా నాలుగు గోడల మధ్య ఉన్న విషయం ఊరంతటికీ తెలిసిపోతుంది. అయితే ఆ కాగితం అంటించగానే ఇల్లు పోయినట్టు కాదు. సాధారణంగా ఇది పేరుకు తీసుకునే స్వాధీనమే. మనుషులను బయటికి పంపి తాళం వేయడానికి బ్యాంకులు జిల్లా మేజిస్ట్రేటు సహాయం కోరతాయి. బ్యాంకు చర్య చట్టవిరుద్ధమని భావిస్తే 45 రోజులలోగా రుణ వసూళ్ల ట్రైబ్యునల్‌ను ఆశ్రయించవచ్చు. ఇలాంటి ట్రైబ్యునళ్లు హైదరాబాద్‌లోనూ విశాఖపట్నంలోనూ ఉన్నాయి. ఇంటిని అమ్మడానికి ముందు ఆమోదం పొందిన మదింపుదారుతో విలువ కట్టించాలి, రిజర్వు ధర నిర్ణయించాలి, మొదటి అమ్మకానికి రుణగ్రహీతకు 30 రోజుల నోటీసు ఇవ్వాలి. 90, 60, 30 రోజులను కలిపి చూస్తే మొదటి వాయిదా తప్పిన నాటి నుంచి వేలం దాకా కనీసం ఆరు నెలల వ్యవధి ఉంటుంది, ఆచరణలో అంతకన్నా ఎక్కువే పడుతుంది.

ఇక్కడ ఎక్కువమంది పొరపడే ఒక విషయాన్ని గట్టిగా చెప్పవలసి ఉంది. వేలం పాట ముగిసేలోగా ఎప్పుడు డబ్బు తెచ్చినా ఇల్లు విడిపించుకోవచ్చునన్న నమ్మకం పాతది. 2016లో జరిగిన సవరణ తరువాత, వేలం ప్రకటన వెలువడే లోపే మొత్తం బాకీ చెల్లించి విడిపించుకునే హక్కు ఉంటుంది. 2023లో సుప్రీంకోర్టు కూడా దీనినే ధ్రువపరిచింది. చివరి రోజున ఎవరో ఒకరు ఆదుకుంటారన్న ఆశతో ఎదురుచూసిన కుటుంబం, ఆ చివరి రోజు నెల ముందే గడిచిపోయిందని తెలుసుకున్నప్పుడు కలిగే నిస్పృహను ఏ ఓదార్పూ తీర్చలేదు.

వేలంలో వచ్చిన సొమ్ము బాకీకీ ఖర్చులకూ పోగా మిగిలితే ఆ మిగులు ఇంటి యజమానిదే, బ్యాంకు తిరిగి ఇవ్వాలి. చాలకపోతే తక్కువ పడ్డ మొత్తానికి ట్రైబ్యునల్ ద్వారానో కోర్టు ద్వారానో మళ్లీ వసూలుకు వస్తుంది. కాబట్టి ఆదాయం తిరిగి వచ్చే సూచన లేదని తేలినప్పుడు వేలం దాకా లాగకుండా, బ్యాంకు అంగీకారంతో కుటుంబమే మంచి బేరం చూసి అమ్ముకోవడం ఎక్కువ సందర్భాలలో మేలు. 32 లక్షల బాకీ ఉన్న ఇంటిని ఏడాది పాటు అటూ ఇటూ కాకుండా ఉంచితే 9 శాతం చొప్పున వడ్డీయే 2 లక్షల 88 వేలు పెరుగుతుంది, పైగా వేలంలో కొనేవారు స్వాధీనం చిక్కులను లెక్కలోకి తీసుకుని ధర తగ్గించే చూస్తారు. తమ చేతులతో అమ్ముకోవడం మనసుకు కష్టమైన పనే. కానీ ఆ నిర్ణయం తీసుకున్నవారికి తేదీ, ధర, కొత్త ఇంటి ఎంపిక తమ అదుపులో ఉంటాయి, నిస్పృహను తగ్గించడంలో ఆ కాస్త అదుపునకున్న విలువ చాలా పెద్దది.

అమ్మడం ఇష్టం లేనివారికి గడువు పొడిగింపు, వాయిదాల పునర్వ్యవస్థీకరణ, ఏకకాల పరిష్కారం అన్న దారులు ఉన్నాయి. ఏకకాల పరిష్కారం అంటే బాకీలో కొంత తగ్గించి మిగిలినది ఒకేసారి కట్టించుకోవడం. దీనిని హక్కుగా కోరడానికి వీలులేదని సుప్రీంకోర్టు 2021లో తేల్చిచెప్పింది, కాబట్టి ఇది బ్యాంకును ఒప్పించి సాధించుకోవలసినదే. ఇలా తీర్చిన రుణం పరపతి నివేదికలో పూర్తిగా తీర్చిన రుణంగా కనిపించదన్నదీ గుర్తుంచుకోవాలి. లోక్ అదాలత్‌లో కుదిరిన రాజీకి కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది, దాని మీద అప్పీలు ఉండదు. మహిళలకూ షెడ్యూల్డు కులాలూ తెగల వారికీ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని 1987 నాటి న్యాయ సేవల చట్టం చెబుతోంది. 15100 నంబరుకు ఫోన్ చేసి ఆ సహాయం కోరవచ్చు. వసూలు ఏజెంట్లు ఉదయం 8 గంటలకు ముందూ సాయంత్రం 7 గంటల తరువాతా ఫోన్ చేయరాదనీ, కుటుంబ సభ్యులనూ స్నేహితులనూ వేధించరాదనీ రిజర్వు బ్యాంకు నిబంధనలున్నాయి. వాటిని ఉల్లంఘిస్తే ముందు బ్యాంకుకు రాసి, 30 రోజులలో తగిన జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రుసుము లేకుండా ఫిర్యాదు చేయవచ్చు. కోపానికి ఇంతకన్నా ఉపయోగకరమైన చిరునామా మరొకటి లేదు.

బయటి వడ్డీకి పోయే ఇళ్లు

బ్యాంకు రుణంలో కనీసం మెట్లున్నాయి. బయటి వడ్డీలో అవి కూడా లేవు. నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 36 శాతం అని అందరికీ తెలిసినా, అవసరం ముంచుకొచ్చిన రోజున ఆ లెక్క ఎవరూ వేసుకోరు. 2015 డిసెంబరులో విజయవాడలో బయటపడిన కాల్‌మనీ వ్యవహారం, అప్పు ఇచ్చి ఆస్తులు రాయించుకోవడం, మహిళలను వేధించడం వంటి ఆరోపణలతో రాష్ట్రాన్ని కుదిపేసింది. ఇలాంటి అప్పులలో అతి ప్రమాదకరమైనది, పూచీకత్తు అని చెప్పి ఇంటిని ఏకంగా క్రయదస్తావేజుగా రిజిస్టరు చేయించుకోవడం. అప్పు తీరగానే తిరిగి రాసిస్తామని నోటిమాటగా చెబుతారు, లేదా వేరే కాగితం మీద రాసిస్తారు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం, తిరిగి రాసిచ్చే షరతు అదే దస్తావేజులో ఉంటే తప్ప ఆ లావాదేవీని తనఖాగా పరిగణించరు. తనఖా అయితే విడిపించుకునే హక్కు ఉంటుంది. శుద్ధ క్రయం అయితే ఇల్లు ఆ సంతకంతోనే పోయినట్టు. మధ్యవర్తి మంచివాడని ఈ తేడాను పట్టించుకోని కుటుంబాలు తరువాత కోర్టుల చుట్టూ ఏళ్ల తరబడి తిరుగుతున్నాయి.

ప్రోనోటు మీద తెచ్చిన అప్పు విషయం ఇంకో రకం. దాని మీద కోర్టు డిక్రీ వచ్చినా, వ్యవసాయదారు, కూలీ, ఇంటి పనివారు తాము నివసిస్తున్న సొంత ఇంటిని జప్తు చేయకుండా సివిల్ ప్రక్రియా స్మృతిలోని 60వ సెక్షన్ రక్షణ ఇస్తుంది. తాకట్టు పెట్టిన ఇంటికి ఆ రక్షణ అక్కరకు రాదు. జనం వాడుకలో ఐపీ పెట్టడం అనే దివాలా దరఖాస్తు కూడా అంతే, 1920 నాటి చట్టం కింద అది మామూలు అప్పులవాళ్ల నుంచి ఊపిరి తీసుకునే వీలిస్తుంది కానీ తనఖా పట్టినవారి హక్కును ఆపలేదు.

ఇన్ని దారులు ఉండగా మనుషులు తప్పుదారినే ఎందుకు ఎంచుకుంటారన్న ప్రశ్నకు తమిళనాడు చెరకు రైతుల మీద జరిగిన ఒక అధ్యయనం కొంత సమాధానం ఇస్తుంది. 2013లో సైన్స్ పత్రికలో వెలువడిన ఆ అధ్యయనంలో, అదే రైతులు కోతకు ముందు చేతిలో డబ్బు లేనప్పుడు తర్క పరీక్షలలో వెనకబడి, పంట సొమ్ము చేతికి వచ్చాక మెరుగ్గా రాణించారు. మనిషి తెలివి మారలేదు, డబ్బు గురించిన ఆందోళన అతని ఆలోచనలో చోటు ఆక్రమించుకుంది. నోటీసు అందుకున్న ఇంటి పెద్ద మరింత ఎక్కువ వడ్డీకి తెచ్చి ఒక వాయిదా కట్టడం, ఫోన్ యాప్‌లలో దొరికే చిన్న అప్పులను ఒకదాని మీద ఒకటి పేర్చుకోవడం, చివరి గాజులు కూడా తాకట్టు పెట్టడం ఈ స్థితిలో జరిగే పనులు. అందుకే ఈ దశలో పెద్ద నిర్ణయం ఏదీ ఒంటరిగా, రాత్రి పూట, ఎవరో తొందరపెడుతుండగా తీసుకోకూడదు. డబ్బు సంబంధం లేని ఒక మనిషిని, బ్యాంకులో పనిచేసి రిటైరైన బంధువునో ఊళ్లోని న్యాయవాదినో, పక్కన కూర్చోబెట్టుకుని కాగితాలన్నీ ముందు పరిచి చూడటం తప్పనిసరి.

ఇంట్లో చెప్పడం, ఇల్లు మారడం

తెలుగు ఇళ్లలో అప్పు లెక్క తరచు ఒక్క మగవాడికే తెలిసి ఉంటుంది. భార్య బాధపడుతుందని, పిల్లల చదువు చెడుతుందని, వియ్యాలవారి ముందు చులకన అవుతామని చెప్పకుండా దాచినవాడు, చివరికి తాళం వేయడానికి వచ్చినవారి నోటి నుంచి ఆ మాట వాళ్లకు తెలిసేలా చేస్తాడు. అప్పుడు ఇల్లాలికి ఇల్లు పోయిన బాధకన్నా నమ్మకం పోయిన బాధ ఎక్కువవుతుంది. తన పుట్టింటి పొలం అమ్మిన సొమ్ము, తన నగలు కూడా అందులో ఉన్నప్పుడు ఆ కోపం పూర్తిగా న్యాయమైనది. దానిని మాటలతో అణచివేయాలని చూడటం తప్పు. మొత్తం బాకీ ఎంత, ఎవరెవరికి, నెలకు ఎంత వస్తోంది అన్న మూడు అంకెలను భార్యాభర్తలు ఒకే కాగితం మీద చూసుకున్న రోజు నుంచే కుటుంబం తిరిగి కుటుంబంగా ఆలోచించడం మొదలుపెడుతుంది. పిల్లలకు వయసుకు తగినంత నిజం చెప్పాలి. పెద్దల గొంతులో మార్పును వారు ముందే పసిగడతారు, కారణం తెలియకపోతే తమ వల్లనే ఏదో జరిగిందని అనుకుంటారు. తాతా నాయనమ్మల విషయం మరింత సున్నితమైనది, వారికి కొత్త చోట వెంటనే పరిచయాలు కలగవు కాబట్టి వీలైతే అదే పేటలో అద్దె ఇల్లు చూడటం మంచిది.

ఇక్కడ సత్య హరిశ్చంద్రుని కథను తలచుకోక తప్పదు. పద్యనాటకంగా ఆంధ్రదేశంలోని పల్లెపల్లెకూ చేరిన ఆ కథ, ఋణం తీర్చడానికి ఆలినీ బిడ్డనూ తననూ అమ్ముకున్న రాజును ఆదర్శంగా నిలిపింది. మాట తప్పకూడదన్న విలువ గొప్పదే అయినా, బాకీపడ్డవాడు ఎంత యాతన పడితే అంత నిజాయితీపరుడన్న భావన కూడా ఆ కథతో పాటే సమాజంలో స్థిరపడింది. నేటి చట్టం అలా చూడదు. గృహరుణం ఒక ఒప్పందం, ఇల్లు దానికి పూచీ, పూచీని తీసుకున్నాక మిగిలిన బాకీకి కూడా సివిల్ పద్ధతులే తప్ప మనిషిని అవమానించే హక్కు ఎవరికీ లేదు. మోసం చేయనివాడు అప్పు తీర్చలేకపోవడం నేరం కాదు.

ఇల్లు మారిన తరువాతి ఆరు నెలలు కష్టంగా గడుస్తాయి. నిద్ర పట్టకపోవడం, పాత వీధి మీదుగా వెళ్లలేకపోవడం, శుభకార్యాలకు వెళ్లడం మానేయడం, చిన్న విషయానికి ఇంట్లో కేకలు వేయడం ఈ కాలంలో మామూలు. వీటిలో చాలావరకు నెమ్మదిగా తగ్గుతాయి. రిచర్డ్ లాజరస్, సుసాన్ ఫోక్‌మన్ అనే శాస్త్రవేత్తలు 1984లో రాసిన గ్రంథంలో ఒత్తిడిని ఎదుర్కొనే తీరులను రెండుగా విభజించారు: సమస్యను మార్చగలిగినచోట సమస్య మీద పనిచేయడం, మార్చలేనిచోట మనసు మీద పనిచేయడం. వేలం ప్రకటన రాకముందు మొదటిదానికి ప్రాధాన్యం, ఇల్లు చేయి దాటాక రెండవదానికి. ఈ వరుస తిరగబడినప్పుడే నష్టం జరుగుతుంది: గడువున్నప్పుడు గుడుల చుట్టూ తిరిగి, గడువు పోయాక కోర్టుల చుట్టూ తిరిగేవారి పరిస్థితి అదే. పోయిన ఇంటి గురించి ఇంట్లో బాహాటంగా మాట్లాడుకోవడం, ఆ ఇంట్లో దిగిన ఫొటోలను దాచకుండా ఉంచడం, అద్దె ఇంట్లోనైనా పండగ మానకుండా చేసుకోవడం మనసు మీద పనిచేయడంలో భాగాలే. మద్యం మాత్రం ఈ దశలో మిగిలిన కొద్దిపాటి ఆదాయాన్నీ మనుషులనూ కూడా దూరం చేస్తుంది.

డబ్బు వైపు చేయవలసినవి తక్కువే అయినా అవి ముఖ్యం. బ్యాంకు నుంచి లెక్క తేల్చిన పత్రం, మిగులు ఉంటే ఆ సొమ్ము, బాకీ లేదన్న ధ్రువపత్రం రాతపూర్వకంగా తీసుకోవాలి. మౌఖిక హామీల మీద ఖాతా మూసుకుపోయిందని నమ్మితే కొన్నేళ్లకు మళ్లీ నోటీసు రావచ్చు. పరపతి నివేదిక బాగుపడటానికి ఏళ్లు పడుతుంది కాబట్టి, ఆ కాలమంతా కొత్త అప్పు లేకుండా బతకడం అలవాటు చేసుకోవాలి. మళ్లీ ఇల్లు కొనాలన్న పంతంతో మొదటి ఏడాదిలోనే ఇంకో అప్పు తలకెత్తుకోవడం, పాత గాయాన్ని కొత్త కత్తితో కెలుక్కోవడం వంటిది.

చనిపోవాలన్న ఆలోచన మాటల్లోనో చేతల్లోనో కనిపించినప్పుడు మిగతావన్నీ పక్కన పెట్టాలి. వస్తువులు పంచిపెట్టడం, బీమా పాలసీల గురించి పదేపదే అడగడం, తాను లేకపోతే బాకీ తీరిపోతుందనడం వంటి సంకేతాలను తేలికగా తీసుకోకూడదు; అలాంటి మనిషిని ఒంటరిగా వదలకుండా, నేరుగా అడిగి, డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాలి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 నంబరులో రాత్రీ పగలూ ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. పోలీసు కేసు అవుతుందన్న భయంతో దాచవలసిన పని కూడా లేదు. ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాడిగా భావించి, శిక్షకు బదులు చికిత్స అందించాలని 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం నిర్దేశిస్తోంది.

ఇక బంధుమిత్రుల బాధ్యత. గృహప్రవేశానికి పిలిస్తే వెళ్లి విందు ఆరగించి వచ్చినవారు, ఇల్లు ఖాళీ చేసే రోజున పిలవకపోయినా వెళ్లాలి. ఎందుకు ఇంత అప్పు చేశారన్న ప్రశ్నా, ముందే చెప్పాం కదా అన్న మాటా ఆ రోజున వద్దు. స్తోమత ఉన్నవారు అద్దె ఇంటి అడ్వాన్సుకు ఎంతో కొంత సర్దాలి, లేనివారు సామాను ఎత్తడానికి ఒక చెయ్యి వేసి, ఆ పూటకు వంట చేసి పట్టుకెళ్లాలి.